రచ్చబండకు యజమాని యెవరు?

ఫేస్‌బుక్కు, వాట్సాప్పు, ఇప్పుడు ఎక్సు అని పేరు మార్చుకొన్న ట్విట్టరు మొదలైన సామాజిక మాధ్యమములను గూర్చి మా యభిప్రాయమేమని పాఠకులు పలుమారు ప్రశ్నించుచు వచ్చిరి. చూడని యూరిని గూర్చి తీర్పు చెప్పుట పత్రికాధర్మము కాదు గనుక మేమింతకాలము మౌనము వహించితిమి. ఇప్పుడా యూరిలో కొన్ని మాసములు నివసించి చూచితిమి. ఇష్టపడి పోలేదు. గౌలిపుర వంటి పాత పేటలో సైతము నల్లానీరు రాని దినము, బోనాల యేర్పాట్లకై పెద్దలు కూడు వేళ, బడిలో ఫీజు కట్టవలసిన గడువు, తుదకు ఇరుగింటి చావు కబురు కూడ వాట్సాప్పు గ్రూపులోనే తెలియు కాలము దాపురించినది. గ్రూపులో లేనివాడు శవము లేచిన పిమ్మట పరామర్శకు పోవలసివచ్చుచున్నది. ఇట్టి స్థితిలో "మాకక్కరలేదు" అనుట వైరాగ్యము కానేరదు. వెలిని కోరి తెచ్చుకొనుట యగును. కనుక పోయితిమి. పోయి చూచినదానిని, చూచి నిశ్చయించుకొన్నదానిని నిర్మొగమాటముగ విన్నవించుచున్నాము.

మొదట మంచిని చెప్పుట న్యాయము. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కుంభవృష్టికి పాతబస్తీ పేటలు మునిగినపుడు, ఏ వీధిలో నీరెంత యెత్తున నిలిచినదో, ఎవరి మిద్దెమీద తావు దొరకునో, అన్నపు పొట్లము లెచట పంచుచున్నారో చేతిలోని ఫోనే తెలిపినది. 2021 ఏప్రిలు, మే మాసములలో కరోనా విజృంభించి ఆక్సిజను దొరకక జనము తల్లడిల్లినపుడు, ముక్కు మొగము తెలియనివారు సైతము ఈ వేదికలమీద నొకరి కొకరు ఆసరా యైరి. ఇట్లు మొరపెట్టుకొను పౌరుల నోరు నొక్కరాదని ఆ యేడు ఏప్రిలు 30వ తేదీన సుప్రీముకోర్టు ప్రభుత్వములను హెచ్చరించెను. బ్రతుకు తెరువునకై గల్ఫు దేశములకు పోయిన కరీంనగరు, నిజామాబాదు బిడ్డలు తమ తల్లుల ముఖములను ప్రతిరాత్రియు చూడగలుగుట చిన్న మేలా? ఈ మేలు నెరుగక "ఇదంతయు కలిమాయ" యని ముక్కు మూసికొను పెద్దలతో మేమేకీభవింపజాలము.

అయితే ఈ యూరి మర్యాదలు విడ్డూరముగ నున్నవి. ప్రవేశింపగనే పేరు, పుట్టిన దినము, ఫోను నంబరు అడిగిరి. అంతటితో తృప్తి పడక, మా ఫోనులోని వారందరి నంబర్లను తమకు చూపుమనిరి. ఇంటికి వచ్చిన చుట్టమును ఊరివారందరి చిరునామాలు చెప్పిన గాని లోనికి రానీయమని యెవరైన నందురా? "మిత్రుడు" అను మాటకు ఇచట పట్టిన దుర్గతి మరియొకటి. ఐదువేలకు మించి మిత్రులను చేర్చుకొనరాదని ఫేస్‌బుక్కు నిబంధన. కష్టకాలమున పాడె మోయుటకు నలుగురు దొరకిన చాలునని మన పెద్దలనుకొనిరి. ఇచట ఐదువేలమంది యుండియు ఆ నలుగురు దొరకుదురను ధైర్యము లేదు. ఉదయము లేచినది మొదలు పూలబొమ్మలతో శుభోదయములు. పదునొకండుగురికి పంపనిచో కీడు మూడునని బెదిరించు దేవతా చిత్రములు. ఒకే గల్లీలో ఎదురెదురు అరుగులమీద కూర్చుండి, ముఖాముఖి యొక్క మాట యాడక, ఫోనులో కత్తులు దూసికొను పెద్దమనుష్యులు. ఇవన్నియు నవ్వి యూరకుండదగిన వింతలే. కాని వీని క్రింద నవ్వదగని విషయ మొకటి కలదు. దానికొరకే యీ వ్యాసము.

పూర్వము మన నగరమునకు కోటగోడ యుండెను. దానికి పదమూడు దర్వాజాలు. గౌలిపుర దర్వాజా అందొకటి. నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే మిగిలినవి. తక్కినవి పేరులో బ్రతికియున్నవి. ఆ దర్వాజాలను మూయువాడు, తెరచువాడు ఎవరో జనమెరుగుదురు. పాలకుడు మంచివాడు గానిండు, చెడ్డవాడు గానిండు, అతని కొలువు ఊరిలోనే యుండెను. మొర వినిపించుకొనుటకు గుమ్మమొకటి యుండెను. నేటి మన రచ్చబండకు యజమాని యెవరు? ఫేస్‌బుక్కును, వాట్సాప్పును, ఇన్‌స్టాగ్రామును ఏలుచున్నది మెటా యను ఒక్క సంస్థ. అది కాలిఫోర్నియాలోని మెన్లోపార్కున నున్నది. వాట్సాప్పును 2014లో సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనెను. నేడు ఒక్క పైస రుసుము తీసికొనని వస్తువును అంత సొమ్ము పోసి కొనుటకు ఆ వర్తకులు వెర్రివారా?

వెర్రివారు కారు. 2023లో ఆ సంస్థ రాబడి సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో నూటికి తొంబదియేడు పాళ్లకు పైగా ప్రకటనలవలన వచ్చినదే. ప్రకటనకర్తలకు వారమ్ముచున్న సరకు మన చూపు, మన కాలము, మన యిష్టానిష్టముల పట్టిక. మేము రుసుము చెల్లించుట లేదని మురియువారు సంతలోని కోడిని తలచుకొందురు గాక. దానికిని మేత ఉచితమే.

రచ్చబండ యనగా నేమో మన జనమునకు తెలియును. చెట్టు నీడను నలుగురు కూర్చుందురు. మాటాడువాని ముఖము అందరును చూతురు. మాట తూలినవానిని పెద్దవాడొకడు కసరును. చెట్టు మాత్రము ఎవరి పక్షమును వహింపదు. అరచువాని గొంతును హెచ్చించి, నెమ్మదిగ మాటాడువాని గొంతును తగ్గింపదు. ఈ క్రొత్త రచ్చబండమీద చెట్టే లెక్కలు కట్టుచున్నది. ఏ మాట పైకి రావలెనో, ఏది మరుగున పడవలెనో యంత్రము నిర్ణయించును. మాటకు స్పందనగ జనము నొక్కు గుర్తులలో, కోపమును తెలుపు గుర్తుతో సహా, ఒక్కొక్క గుర్తునకు సాధారణపు "లైకు"కంటె ఐదు రెట్ల విలువ నిచ్చి, 2017 మొదలు ఫేస్‌బుక్కు తన యంత్రమును నడపెనని ఆ సంస్థ లోపలి పత్రములే 2021లో వెల్లడించినవి. వానిని బయటపెట్టినది అచట పనిచేసి మానుకొన్న ఫ్రాన్సెస్ హాగెన్ అను వనిత. కోపపు గుర్తునకు విలువ తీసివేయుటకు 2020 వరకు పట్టినది. ఇద్దరు కలహించుచుండగా కాఫీ హోటలు యజమాని వారిని వారింపక, వేడుక చూడ జనము మూగుచున్నారని బల్లలు పెంచిన నెట్లుండును? అట్టి వ్యాపారమిది.

దీని ఫలమును మన పాతబస్తీ నెత్తుటితో చెల్లించినది. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు, ఎచటివో చిత్రములతో, ఎవరో తీసిన వీడియోలతో ఫోనునుండి ఫోనునకు ప్రాకినది. ఆ మే నెల 26వ తేదీ రాత్రి, మా పేటకు దక్షిణమున ఫలక్‌నుమాకు ఆవల నున్న చాంద్రాయణగుట్టలో, దానమడుగ వచ్చిన హిజ్రాలపై జనసమూహము విరుచుకుపడి ఒకరిని చంపినది. మరి రెండు నెలలైన గడవకుండగనే, జూలై 13వ తేదీన, బీదరు జిల్లా ముర్కి గ్రామమువద్ద, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు ఒక మిత్రబృందమును ఊరూరు వెంటాడిరి. హైదరాబాదునుండి పోయిన యువ ఇంజనీరొకడు ప్రాణములు కోల్పోయెను. కొట్టిన చేతులు వందలు. ఆ చేతులకు పూర్వము ఒక్కొక్క నొక్కుడుతో ఆ పుకారును ముందునకు పంపిన వ్రేళ్లు ఎన్ని వేలో! ఆ వ్రేళ్లు గలవారిలో దుర్మార్గు లెందరు? బహు కొలదిమంది. తక్కినవారందరు తమ పిల్లల క్షేమముకొరకే పంపిరి. మంచివారి భయమును మోసికొనిపోయి హత్యగ మార్చిన మార్గమిది. ఇంతకంటె భయంకర మేమున్నది?

ఆ హత్యల పిమ్మట వాట్సాప్పువారు ఒక సందేశమును ఒకమారు ఐదుగురికి మించి పంపరాదని 2018 జూలైలో మన దేశమున కట్టడి చేసిరి. ఇతరులనుండి వచ్చి సాగిన సందేశమునకు "ఫార్వర్డెడ్" అని గుర్తు నుంచిరి. ఇంతమాత్రము ముందే చేయలేకపోయిరా యని యడుగువారు లేరు, అడిగినను పలుకువారు లేరు. నిజమైన చికిత్స జరిగినది మరియొక చోట. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగ నుండిన రెమా రాజేశ్వరి తన సిబ్బందిని పల్లెలకు పంపి, జానపద గాయకులచేత పాటలు పాడించి, డప్పు కొట్టించి, ఫోనులో వచ్చినదెల్ల నిజము గాదని జనమునకు ముఖాముఖి బోధింపజేసిరి. అబద్ధము యంత్రము నెక్కి వచ్చినది. నిజము కాలినడకను పోయి దాని నెదుర్కొనవలసి వచ్చినది. దీనినుండి గ్రహింపవలసిన దెంతయో కలదు.

మరియొక భేదమును పాఠకులు గమనింతురు గాక. 1867లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన ముద్రణ చట్టమునుబట్టి, చిన్న కరపత్రమైనను ముద్రించినవాని పేరు, ఊరు లేక వెలువడరాదు. ఆ చట్టమును పరాయి ప్రభువులు మనపై కన్నువేసి యుంచుటకే చేసిరి. 2023లో దాని స్థానమున క్రొత్త చట్టము చేయబడినది. అయినను అచ్చైన మాటకు పూచీదారు డొకడుండవలెనను ధర్మము మంచిది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక ఆ ధర్మమును నెరపినది. నిజామాంధ్రమున కవులు లేరను నిందకు వారు చాటునుండి తిట్లతో బదులీయలేదు. 354 గురు కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి నోరు మూయించిరి. ఇమ్రోజ్ సంపాదకుడైన షోయబుల్లాఖాను తన పేరిట తాను వ్రాసిన వ్రాతలకు 1948 ఆగస్టులో ఈ నగర వీధిలోనే ప్రాణమర్పించెను. అట్టి నగరమున నేడు ఊరు పేరు లేని సందేశము ఒకటి బయలుదేరి మనిషిని చంపించును; వ్రాసినదెవరని యడిగిన "నాకు వచ్చినది, పంపితిని" అని ప్రతివాడును చేతులు దులుపుకొనును. పంపినవాడును ప్రకాశకుడే. చేతిలో ఫోనున్న ప్రతివాడును నేడొక పత్రికాధిపతి. అధికారము దక్కినది గాని ఆ పూచీ యెవరికిని పట్టలేదు.

ఇంత చెప్పితిమి గనుక ప్రభుత్వము ఈ వేదికల నోరు కట్టివేయవలెనని మేము కోరుచున్నామని యెవరును భ్రమింపకుందురు గాక. అనుమతి లేనిది సభ జరుపరాదన్న గస్తీ నిశాన్ 53 కాలమును ఈ నగరము మరువలేదు. ఫోనులో వ్రాసిన మాటకు పౌరులను చెరసాల కంపుటకు వీలిచ్చిన ఐ.టి. చట్టపు 66ఏ సెక్షనును 2015 మార్చి 24వ తేదీన సుప్రీముకోర్టు కొట్టివేసెను; అది సరియైన తీర్పు. జనుల నోటికి తాళము వేయుట మందు గాదు. ఆ నోటి మాటను సరకుగ జేసి అమ్ముకొను యజమానిని బదులు చెప్పించుటయు, ఊరి వ్యవహారమును అతని గుప్పిటనుండి తప్పించుటయు మందు.

భాష విషయమును జూడుడు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార మహాసభలో తెలుగున ప్రసంగింపబూనిన ఆలంపల్లి వెంకటరామారావుగారిని అల్లరిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. నేటి రచ్చబండమీద తెలుగును ఎవరును ఎగతాళి చేయరు, నిజమే. కాని ద్వేషవాక్యములను పసికట్టు యంత్రమును ఫేస్‌బుక్కు సంస్థ హిందీకి 2018లోను, బంగాళీకి 2020లోను గాని సమకూర్చలేదని తేలినది. కోట్లాది జనుల భాషలకే ఇంత యాలస్యము! 2011 జనగణనమునుబట్టి మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. మన భాషలో బెదిరింపబడిన ఆడుబిడ్డ మొర ఏ గుమ్మమున వినబడునో, ఏ యధికారికి ఆ మాటల విషము తెలియునో చెప్పగలవా రెవరు? మన భాషలో ప్రకటనలమ్ముటకు మాత్రము వారికి ఆలస్యము కానరాదు.

ఇక ముఖ్యవిషయము. ఊసుబోకకు పరుల యరుగుమీద కూర్చుండుట వేరు. ఊరి కచ్చేరీని ఆ యరుగుమీదికి మార్చుట వేరు. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "మన మిత్ర" యను పేర 161 సేవలను వాట్సాప్పుద్వారా అందించుట కారంభించెను. వరుసలలో నిలుచుండు బాధ తప్పుట మేలే. దానిని మేము కాదనము. కాని అది అదనపు తలుపుగ నుండవలెను. నేడు అదనముగ తెరచిన తలుపే రేపు ఏకైక ద్వారమై, పాత గుమ్మము మూతపడుట మన దేశమున క్రొత్తగాదు. ఫోను లేని ముదుసలి, అక్షరము రాని కూలి, తన సంగతులను పరదేశపు వర్తకునకు తెలియనీయ నిష్టపడని పౌరుడు—వీరి హక్కు ఏమి కావలెను?

యజమాని నిబంధన మార్చిన నాడు మన గతి యేమని యడుగుట వృథాశంక గాదు. 2021లో వాట్సాప్పు తన నిబంధనలను మార్చి, సమ్మతించిన సరి, లేనిచో దారి చూచుకొనుడను రీతిని ప్రవర్తించెను. ఇందులకై 2024 నవంబరులో భారత పోటీ కమిషను మెటాకు 213 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2004లో వెలసి మన యువకుల కెంతో ప్రియమైన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30వ తేదీన మూతపడెను. పదేండ్ల ముచ్చట్లు దానితో మునిగినవి. 2020 జూన్ 29వ తేదీన టిక్‌టాక్ ఒక్క ఉత్తరువుతో నిషేధింపబడెను. దానినే నమ్ముకొన్న పల్లెటూరి కళాకారులు తెల్లవారునప్పటికి వీధిన పడిరి. నిషేధము తగునా తగదా యను చర్చ యట్లుండగా, పరుల నేలమీద కట్టిన యింటికి పట్టా లేదను సత్యము మాత్రము తేలినది. వీనితో పోల్చి చూడుడు: 1901లో రావిచెట్టు రంగారావుగారి యింట, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మొదలైన పెద్దల పూనికతో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని సుల్తానుబజారున నిలిచియున్నది. ఎందుచేత? అది సభ్యుల సొమ్ము, ఊరి సొత్తు గనుక.

జనము పట్టుపట్టిన యజమాని లొంగడను అధైర్యము వలదు. కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితముగ చూపి, తక్కిన ప్రపంచమును మరుగుపరచు "ఫ్రీ బేసిక్స్" పథకమును ఫేస్‌బుక్కు పత్రికలనిండ ప్రకటనలు గుప్పించి మన దేశమునకు తెచ్చినపుడు, లక్షలాది పౌరులు అభ్యంతరములు పంపిరి. 2016 ఫిబ్రవరి 8వ తేదీన టెలికాం నియంత్రణ సంస్థ అట్టి భేదధరలను నిషేధించెను. ఉచితముగ వచ్చిన విందును భారతీయులు విస్తరి తిప్పివేసిరి. అది మన పౌరుల వివేకము.

కావున గౌలిపుర, శాలిబండ, లాల్‌దర్వాజా, మొగల్‌పురా వాసులైన పెద్దలును, నగరమునందలి పఠనమందిరముల సభ్యులును మూడు విషయములను పట్టుదలతో కోరవలెను. పురపాలక సంఘముగాని, నీటి శాఖగాని, చౌకధరల దుకాణముగాని, బడిగాని ఫోనులో ప్రకటించిన ప్రతి నోటీసును అదే దినమున గోడమీద గూడ తెలుగునను, ఉర్దూనను అంటింపవలెను; ఫోను లేదను కారణమున ఏ పౌరునకును ఏ హక్కును తప్పరాదు. ఇది మొదటిది. బోనాల సంఘములు, గల్లీ సంఘములు, కులసంఘములు తమ తీర్మానములను కాగితముపై వ్రాసి, నలుగురెదుట చదివి, పుస్తకమున భద్రపరుపవలెను. గ్రూపులో "సరే" యని బొటనవ్రేలు చూపుట సమ్మతి గానేరదు. ఇది రెండవది. మూడవది ఎవరినో యడుగవలసినది గాదు. మనలను మనమే శాసించుకొనవలసినది. క్రింద నీ పేరు, నీ యింటి నంబరు వ్రాసి చౌరస్తాలో అంటించుటకు జంకుదువేని, ఆ సందేశమును ముందునకు పంపకుము. ఈ యొక్క నియమమును 2018 వేసవిలో పదిమందిలో ఐదుగురు పాటించియున్నచో, చాంద్రాయణగుట్టలో ఆ రాత్రి ఒక ప్రాణము నిలిచియుండెడిది.

మేము ఆ వేదికలనుండి లేచిరాము. ఊరి కబురు అచట నున్నంతకాలము అచటనే కూర్చుందుము; పుకారు వచ్చిన చోటనే దానిని ఖండింతుము. కాని కూర్చున్న యరుగు మనది గాదను స్మృతిని మాత్రము విడువము. కోటగోడలు కూలిన నగరమిది; కనబడని క్రొత్త గోడ మన చుట్టు లేచుచున్నది. దాని దర్వాజా తాళపుచెవి పరుల మొలను వ్రేలాడుచుండగా నిద్రించుట పౌరధర్మము కాదు.